ముఠాకి ఒకటే నోరు

బ్రాడీపేటలో బాలత్రిపురసుందరి గారి ఇల్లెక్కడని అడిగితే ఆటోవాళ్ళు బుర్ర గోక్కుంటారు. స్టాటిస్టిక్స్ మేడం ఇల్లంటే మాత్రం సందు చివర జిరాక్సు షాపు వాళ్ళే చెయ్యి చాపి చూపిస్తారు. యాభై దాటిన ఆ మనిషి కుదురుగా ఒకచోట కూర్చోగా చూసిన పాపాన ఎవరూ పోలేదు. కాఫీ నిలబడి తాగుతుంది. ఫోను వస్తే వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ మాట్లాడుతుంది. కాలు కాలిన పిల్లి అని కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు పెట్టిన పేరు. అత్తగారు పోయి చాలా కాలమైంది, పేరు మాత్రం నిలిచిపోయింది.

పుట్టిల్లు తెనాలి. నాన్న లెక్కల మాస్టారు. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, గుంటూరులో ఒక ప్రైవేటు కాలేజీలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పింది. ఆ గ్రూపులో చేరేవాళ్ళు లేరని యాజమాన్యం గ్రూపునే ఎత్తేశాక, యూనివర్సిటీలో పీహెచ్‌డీ పిల్లలకి పరిశోధన పద్ధతుల క్లాసులు చెప్పడానికి కాంట్రాక్టు మీద వెళ్తోంది. మిగతా వేళల్లో ఆమె ముందుగది సోషియాలజీ, ఎకనామిక్స్, సోషల్ వర్క్ స్కాలర్లతో సత్రంలా ఉంటుంది. వాళ్ళంతా ఊళ్ళు తిరిగి ప్రశ్నలు అడిగి తెచ్చుకున్న లెక్కల్ని ఆమె ముందు పెట్టి, అందులో ఏముందో చెప్పమంటారు. వెనకగదిలో భర్త రామచంద్రమూర్తి గారు పంచాంగం ముందేసుకుని పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ ముహూర్తాలు పెడుతుంటారు.

క్లాసులో మొదటిరోజు ఆమె చెప్పే పాఠం యూనివర్సిటీలో అందరికీ నోటికి వచ్చు. "మా ఆయన అంటారూ, రోట్లో నూరిన పండుమిరప పచ్చడికీ మిక్సీలో వేసినదానికీ తేడా నాలుక మీద పెట్టగానే చెప్పేస్తానని. నిజమా, కోతలా? ఎలా తేలుస్తారు?" అంటూ బోర్డుకీ కిటికీకీ మధ్య తిరగడం మొదలుపెడుతుంది. "ముందు ఆయనకి ఏమీ తెలియదనే అనుకోండి. దీన్ని శూన్య పరికల్పన అంటారు. పెళ్ళయిన ఆడవాళ్ళకి ఇది వెంటనే వచ్చేస్తుంది. ఇప్పుడు గిన్నెలు పెట్టండి, కొన్ని రోటివి, కొన్ని మిక్సీవి. ఏది ముందో చీటీలు తీసి తేల్చండి, మీకు తోచినట్టు కాదు. ఏమీ తెలియనివాడు గుడ్డిగా చెప్పినా కొన్ని సరిపోతాయి. తెలియకుండానే అన్ని సరిపోవడం ఎంత అరుదో, అదే మనం వేసే లెక్క. మరీ అరుదైతే, సరేలే, ఈయనకి ఏదో తెలుసు అని ఒప్పుకుంటాం. ఇంతకు మించి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు."

"ఆయన చెప్పలేకపోతే ఓడిపోయినట్టేనా మేడం?" అని ఎవరో ఒకరు అడుగుతారు.

"కాదు. గెలిచారని మనం చెప్పలేం, అంతే. ఈ రెండిటికీ తేడా తెలియకపోతే లేచి బయటికి వెళ్ళండి. ఇంకో మాట. ఒకే గిన్నెలోంచి పదిసార్లు నాకించి, పది పరీక్షలు చేశానని నా దగ్గరికి రావద్దు."

ఈ పాఠం సంగతి మూర్తి గారికీ తెలుసు. "నా నాలుక పేరు చెప్పి ఎంతమందికి డాక్టరేట్లు ఇప్పించావో, నాకు మాత్రం ఇంతవరకూ రోటిపచ్చడి పెట్టలేదు," అంటారాయన.

ఫలితం గట్టిగా తేలితే కంప్యూటరు ఆ అంకె పక్కన ఒక చుక్కో, రెండో, మూడో వేస్తుంది. స్కాలర్లు వాటిని నక్షత్రాలంటారు. ఆ నక్షత్రం కోసం వాళ్ళు పడే పాట్లు చూస్తే ఆమెకి ఒళ్ళు మండుతుంది. "మేడం, ఒక్క నక్షత్రం వచ్చేలా చూడండి," అని నసుగుతారు. "నక్షత్రాలు కావాలంటే వెనకగదిలోకి వెళ్ళండి, మా ఆయన చూస్తారు," అంటుంది సుందరి.

అలాంటి గదికి ఒక ఫిబ్రవరి సాయంత్రం శ్రీదివ్య వచ్చింది. పెదనందిపాడు వైపు రైతుల అమ్మాయి. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ, ఇంటినీ బడికెళ్ళే కూతుర్నీ చూసుకుంటూ, ఏళ్ళుగా పరిశోధన ఈడ్చుకొస్తోంది. గడువు ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు, ఇక పొడిగించరు. మార్చి ఆఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. డాక్టరేట్ లేనివాళ్ళని జూన్ నుంచి రానవసరం లేదని కాలేజీవాళ్ళు ముందే చెప్పేశారు.

ఆమె పరిశోధన మిరపకాయలు కోసే ఆడవాళ్ళ మీద. ఆ మెట్టపొలాల్లో కోతకి ఎవరూ ఒంటరిగా రారు, పదీ పన్నెండుమంది ఒక ముఠాగా వస్తారు. కొన్ని ముఠాలకి వాళ్ళలోనే ఒక ఆడమనిషి మేస్త్రి. కొన్నిటిని మగ కాంట్రాక్టర్లు నడుపుతారు. ఆడమేస్త్రి దగ్గర పనిచేసేవాళ్ళు ఎక్కువ సంతృప్తిగా ఉంటారన్నది శ్రీదివ్య పరికల్పన. రెండొందల మంది పైచిలుకు ఆడవాళ్ళ జవాబులు తెచ్చింది, పరీక్ష తనే చేసుకుంది. మూడు నక్షత్రాలు వచ్చాయి.

"మీరు పట్టిక ఒక్కసారి చూసి సరే అంటే చాలు మేడం, బైండింగ్‌కి ఇచ్చేస్తా," అంది, కుర్చీ అంచున కూర్చుని.

సుందరి నిలబడే లాప్‌టాప్‌లో వరసలు కిందికి జరుపుకుంటూ పోయింది. కొంతదూరం పోయాక ఆగి వెనక్కొచ్చింది. పదీ పన్నెండు వరసలు ఒకేలా ఉన్నాయి, అచ్చు గుద్దినట్టు. ఆ తర్వాత ఇంకో పదీ పన్నెండు, అవీ ఒకదాన్ని చూసి ఇంకోటి రాసినట్టు. మనుషులు అలా ఉండరే అనుకుంది. పోయినేడు ఒక స్కాలరు ఇంట్లో కూర్చుని స్నేహితులతో కాగితాలన్నీ నింపించుకొచ్చిన సంగతి గుర్తొచ్చి, ఆమె నోరు ఆగలేదు.

"ఇవి ఎక్కడ నింపావమ్మా? చేలోనా, మీ అత్తగారి వరండాలోనా?"

శ్రీదివ్య మొహం జేవురించింది. "దొంగ లెక్కలు రాశానంటున్నారా మేడం?"

"అడుగుతున్నా."

"రేపు ఆదివారమేగా. రండి మా ఊరు. ఎవరెవర్ని అడిగానో చూపిస్తా," అని లాప్‌టాప్ మూసేసి, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే వెళ్ళిపోయింది.

"ఆ అమ్మాయి లెక్క ఆ అమ్మాయిది. మధ్యలో నీకెందుకీ తద్దినం?" అన్నారు మూర్తి గారు భోజనాల దగ్గర. సుందరి చేతిలో కంచంతో గుమ్మం దగ్గరికీ పీట దగ్గరికీ తిరుగుతోంది. నిజమే, తనకెందుకు? సరే అంటే పోయేది. కానీ ఆ ఒకేలాంటి వరసలు కంట్లో నలుసుల్లా పడ్డాయి. తెల్లవారేసరికి స్కూటర్ తీసింది.

నల్లరేగడి చేను. ఎర్రగా పండిన కాయల మధ్య ఆడవాళ్ళు వరసగా వంగి కోస్తున్నారు. చీరల మీద మగవాళ్ళ పాత చొక్కాలు, తలకీ ముక్కుకీ చుట్టిన తువ్వాళ్ళు. గట్టు ఎక్కగానే ఘాటుకి సుందరికి దగ్గు తెర వచ్చింది. ముఠా మేస్త్రి వెంకటరావమ్మ నడుం నిటారుగా చేసి చూసింది. గట్టి మనిషి, గొంతు ఇంకా గట్టిది. శ్రీదివ్యని చూసి గుర్తుపట్టింది.

"ఏమ్మాయ్, మళ్ళీ వచ్చావా? మొన్నేగా అంతా చెప్పాం."

"ఈమె మా మేడం పిన్నీ. మీరంతా నిజంగా ఉన్నారో లేదో చూద్దామని వచ్చారు," అంది శ్రీదివ్య, కొంచెం పుల్లవిరుపుగా.

సుందరి ఆ మాట పట్టించుకోకుండా, సాలు చివర కోస్తున్న ఒకామె దగ్గరికి వెళ్ళింది. "ఈ ముఠాలో పని ఎలా ఉందమ్మా నీకు?" అని అడిగింది. ఆమె చెయ్యి ఆపి వెంకటరావమ్మ వైపు చూసింది.

"సుఖంగానే ఉంది. మాకేం బాధ?" అంది వెంకటరావమ్మ, నాలుగు సాళ్ళ అవతల నుంచి.

"అక్క చెప్పిందేనండి," అంది ఆమె. పక్కనామె తలూపింది. ఆ పక్కనామె కూడా ఊపింది. అలా సాలు చివరిదాకా తలలన్నీ ఊగాయి.

శ్రీదివ్య గట్టు మీద నుంచి గెలిచినట్టు చూసింది. "చూశారుగా. అందరూ చెప్పిందే రాశా. ఒక్కటి కూడా దొంగ లెక్క కాదు."

"కాదమ్మా, నిన్న అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా," అంది సుందరి. "ఇది అంతకన్నా పెద్ద తంటా. నువ్వు రెండొందల మందిని అడగలేదు. ముఠాకొకరి చొప్పున ఇరవై మందిని అడిగావు. ఒకే గిన్నెలోంచి పదిసార్లు నాకించి పది గిన్నెలని రాసుకున్నావు. ఆ మూడు నక్షత్రాలూ అందుకే వచ్చాయి."

"మరి కాంట్రాక్టర్ల ముఠాలు?"

"అక్కడెలా చెప్పారు?"

శ్రీదివ్య ఒక క్షణం ఆలోచించింది. అక్కడ కాంట్రాక్టరు గట్టు మీద బైకు ఆపుకుని వింటుంటే, అందరూ ఏదోలెండి, పర్లేదు అన్నారు. అది గుర్తొచ్చేసరికి గొంతు తగ్గింది. "మా నాన్న చేలో చిన్నప్పట్నుంచీ చూస్తున్నా మేడం. ముఠాని ఏదన్నా అడిగితే మేస్త్రే చెప్పుద్ది. అది తప్పవుద్దని నాకెలా తడుద్ది?"

అవును, అనుకుంది సుందరి. తట్టదు మరి. ఊపిరి పీల్చుకోవడం లెక్కల్లో రాయాలని ఎవరికి తడుతుంది?

అన్నాల వేళకి ముఠా అంతా వేపచెట్టు నీడకి చేరింది. కొందరు క్యారేజీలు కడుక్కుంటుంటే, ఇద్దరు ముగ్గురు నేల మీద గళ్ళు గీసి చింతపిక్కలతో అష్టాచెమ్మా మొదలెట్టారు. వెంకటరావమ్మ మంటలు పుట్టే చేతులకి కొబ్బరినూనె రాసుకుంటూ విషయం చెప్పింది. ఒకప్పుడు ఒక రైతు గుమస్తా ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, నువ్వెంతకి వస్తావంటే నువ్వెంతకి వస్తావని అడిగాడట. పిల్లాడికి జ్వరంగా ఉన్న ఒకామె తక్కువకే ఒప్పుకుంది. సాయంత్రానికి అందరి కూలీ అక్కడికి దిగింది. ఆ రోజే కట్టుబాటు చేసుకున్నారు, బయటివాళ్ళకి జవాబు ఒక్కరే చెప్పాలని.

"ముఠాకి ఒకటే నోరు అమ్మగారూ. అది రెండైతే మా పని అయిపోయినట్టే," అంది.

ఆ వారమంతా శ్రీదివ్య సాయంత్రాలు ఇంటింటికీ తిరిగింది. ఎవరింటికెళ్ళినా మంచినీళ్ళిచ్చారు, కుర్చీ వేశారు, "అక్కనడగండి" అన్నారు. సుందరి ఇంట్లో ముఠాని ఒక్కటిగా తీసుకుని లెక్క మళ్ళీ వేసింది. మూడు నక్షత్రాలూ రాలిపోయాయి, ఒక్కటీ మిగల్లేదు. ఫోనులో ఆ సంగతి చెప్పింది. "మీ దగ్గరికి రాకుండా ఉండాల్సింది మేడం," అంది శ్రీదివ్య. సుందరికి ఆ మాట ముల్లులా దిగింది. తను చూడకుండా ఉంటే ఆ పిల్ల ఈపాటికి బైండింగ్ షాపులో ఉండేది. చూసి ఏం ఉద్ధరించినట్టు?

వంటింట్లో చారుకి చింతపండు నానేస్తూ, పిక్క ఒకటి చేతికి తగిలి ఆగిపోయింది. పైకి చెప్పలేని సంగతి జనాన్ని అడగాలంటే నాణెం ఎగరేయించమని పుస్తకాల్లో ఒక ఉపాయం ఉంది. ఏళ్ళుగా దాన్ని పాఠంగా చెబుతోందే గానీ, ఎప్పుడూ చేసి చూసింది లేదు. ఇక ఆ మధ్యాహ్నం నుంచి ఆమెని పట్టడం ఎవరి తరమూ కాలేదు. పిక్కల్ని చీల్చి, ఒకవైపు గచ్చు మీద అరగదీసి తెల్లగా చేసింది. ఒక్కొక్కటీ ఎన్నిసార్లు తెల్లగా పడుతుందో, ఎన్నిసార్లు నల్లగా పడుతుందో చూస్తూ వేసిందే వేసింది. టకటకలాడే ఆ చప్పుడికి వెనకగదిలో ముహూర్తం చెడిపోయింది.

"నేను గవ్వలు వేస్తే మూఢనమ్మకం అంటావు. నువ్వు చింతపిక్కలు వేస్తే శాస్త్రమా?" అన్నారు మూర్తి గారు గుమ్మంలో నిలబడి.

"మీరు గవ్వనడిగి జవాబు చెబుతారు. నేను జవాబు దాచడానికి వేస్తున్నా. మీరూ ఒక చెయ్యి వెయ్యండి, నాకు వేళ్ళు నొప్పెడుతున్నాయి," అంది. ఆయన గొణుక్కుంటూనే కూర్చుని, చీకటి పడేదాకా వేశారు.

మళ్ళీ చేనికి వెళ్ళినప్పుడు వేపచెట్టు కింద ముఠాకంతా వివరించింది. ప్రశ్న ఒకటే. వచ్చే ఏడు ఈ ముఠా వదిలిపోయే వీలుంటే పోతారా? ఒక్కొక్కరూ పక్కకెళ్ళి, కొంగు చాటున పిక్క వేసుకోవాలి. తెల్లగా పడితే, మనసులో ఏమున్నా సరే, అవును అనాలి. నల్లగా పడితే ఉన్న నిజం చెప్పాలి. ఎలా పడిందో ఎవరికీ చూపించకూడదు.

"అంటే నేను అవునన్నా, అది పిక్క మాటో నా మాటో మీకు తెలీదు," అంది ఒకామె.

"నాకు తెలీదు. ఈ అమ్మాయికీ తెలీదు. మీ అక్కకి అసలే తెలీదు."

"మరి తెలీకుండా లెక్కెట్టా కడతారు?"

"ఇంతమంది వేస్తే ఎంతమందికి తెలుపు పడుతుందో నాకు ముందే తెలుసు, వారం రోజులు అదే పనిగా వేశాగా. అంతకన్నా ఎక్కువ వచ్చిన అవునులు మనుషులవి. ఎందరో తెలుస్తుంది గానీ ఎవరో తెలియదు."

ఆడవాళ్ళు మొహమొహాలు చూసుకుని నవ్వారు. అందరి కళ్ళూ వెంకటరావమ్మ మీద పడ్డాయి. ఆమె పిక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. "మాట్లాడేది పిక్కేగా. ముఠా నోరైతే తెరవట్లేదుగా," అంది. "సరే. కానీ లెక్క తేలాక ముందు నాకొచ్చి చెప్పాలి. మాట తప్పితే ఈ ఊళ్ళో ఏ ముఠా మీతో పలకదు." అందరికంటే ముందు తనే పిక్క తీసుకుని చెట్టు వెనక్కి వెళ్ళి, వచ్చి, "అవును" అంది. ముఠా అంతా గొల్లుమంది.

వెంకటరావమ్మ ఒప్పుకుందని తెలిశాక మిగతా ముఠాలూ ఒప్పుకున్నాయి. కాంట్రాక్టర్లయితే చింతపిక్కల ఆటకి అడ్డేముందని నవ్వి ఊరుకున్నారు. ఆడవాళ్ళు పిక్క కోసం తగాదా పడి మరీ వేశారు. మార్చి సగానికి శ్రీదివ్య ఎండకి నల్లబడిపోయి, బ్యాగు నిండా జవాబులతో బ్రాడీపేట వచ్చింది. ఇద్దరూ కలిసి లెక్క వేశారు. సుందరి పరీక్ష ఒకటికి మూడుసార్లు చేసింది, చేసినప్పుడల్లా గదిలో ఒక చుట్టు తిరిగి వచ్చింది.

"తేడా కొంచెం ఉంది," అంది చివరికి. "కానీ రెండు రకాల ముఠాలూ ఒకటే అయినా, ఊరికే పిక్కలు దొర్లి అంత తేడా రావచ్చు. ఆడమేస్త్రి దగ్గరా వదిలిపోతామనేవాళ్ళు సగం మంది దాకా ఉన్నారు, కాంట్రాక్టరు దగ్గరా అంతే. తేడా లేదని కాదు. ఉందని మనం చెప్పలేం."

"ఉందని చెప్పలేం," అని శ్రీదివ్య ఆ మాటని నెమ్మదిగా అంది. తర్వాత గొంతు లేచింది. "ఈ ఒక్క ముక్క కోసమా మేడం ఇన్నేళ్ళు? నా కూతురి జడ ఎప్పుడైనా నేను వేశానా? పొద్దున్నే బస్సు, సాయంత్రం చేలు. మా అత్తగారు ఏం తేల్చావమ్మా అంటే ఏం చెప్పను, ఏం చెప్పలేమని తేలిందని చెప్పనా?"

"అదీ తేలడమే. ఇదే రాయి. అంకెలన్నీ ఉన్నాయి, రాస్తే పదిరోజుల్లో అవుతుంది. నేను పక్కన కూర్చుంటా."

"మీరు కూర్చోరు మేడం, తిరుగుతారు," అని ఏడుస్తూనే అంది శ్రీదివ్య.

మర్నాడు కొత్త లెక్కలు తీసుకుని గైడు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన మంచివాడే, రిటైర్మెంటుకి దగ్గరపడ్డవాడు. నక్షత్రం లేని థీసిస్ మీద సంతకం పెట్టనన్నాడు. "కొరివితో తల గోక్కోకమ్మా. పాతదాంట్లో తప్పేముంది? నువ్వు అడిగావు, వాళ్ళు చెప్పారు, నువ్వు రాశావు," అని, పాత థీసిస్ బైండు చేయించి తెస్తే మాత్రం వెంటనే సంతకం పెట్టాడు. ఈ తిరుగుళ్ళలోనే నెలాఖరు వచ్చేసింది, గడువు సోమవారం. అది శనివారం సాయంత్రం. శ్రీదివ్య సంతకమైన కాపీని బ్యాగులో పెట్టుకుని సుందరి ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"పాతదే ఇస్తున్నా మేడం. నన్నేమనుకున్నా సరే. వెంకటరావమ్మ పిన్నికి మాటిచ్చాం, లెక్క చెప్పాలి. మీరు వస్తారా?"

సుందరికి అనడానికి చాలానే ఉంది. కానీ తన చేతిలో ఉన్నది సుద్దముక్క, ఆ పిల్ల చేతిలో ఉన్నది బతుకు. నీతి చెప్పడం ఎవరికైనా సులువే. స్కూటర్ తీసింది. శ్రీదివ్యని వెనక సీటు మీద ఎక్కించుకుని, దారి పొడుగునా అవసరం లేని చోటల్లా హారన్ కొడుతూ నడిపింది.

వెంకటరావమ్మ అప్పుడే చేనుంచి వచ్చి అరుగు మీద కూర్చుని ఉంది. ఇద్దర్నీ చూసి చాప పరిచింది. "చెప్పండి. మావాళ్ళలో ఎంతమంది పోతామన్నారు?"

"నీ ఒక్క ముఠా సంగతి విడిగా చెప్పలేనమ్మా, అంత కొద్దిమందితో లెక్క నిలవదు," అంది సుందరి. "ఆడమేస్త్రి ముఠాలన్నీ కలిపి చూస్తే, సగం మంది దాకా."

"సగం," అంది వెంకటరావమ్మ. అరచేతులు తిప్పి చూసుకుంది. కాయల కారానికి తోలు ఎర్రగా పొరలు లేచి ఉంది. గొంతు తగ్గించి అంది. "ఆ సగంలో నేనూ ఉన్నా. నాకు పిక్క నల్లగానే పడింది."

శ్రీదివ్య తలెత్తింది. "నువ్వా పిన్నీ? ముఠా నీదేగా, నువ్వు ఎక్కడికి పోతావు?"

"యాడికో. కోడి కూయకముందే లేచి అందరి తలుపులూ నేనే కొట్టాలి. ఆటో నేనే మాట్లాడాలి. రైతుతో తగాదా నేనే పడాలి. ఎవరింట్లో మొగుడు కొట్టినా పంచాయితీ నాదే. ఎవరో చెప్పిన సాలు కోసుకుని, ఇంటికొచ్చి పడుకుంటే చాలనిపిచ్చుద్ది నాకు. ఈ మాట నోటితో అన్నాననుకో, రేపు ముఠా ఉంటదా?" అని, శ్రీదివ్య మోకాలి మీద చెయ్యి వేసింది. "మొదటిసారి నువ్వు అడిగినప్పుడు సుఖమే అన్నా చూడు, అది మా వాళ్ళందరి కోసం అన్న మాట. నువ్వు రాసుకుంది అదేగా. అదే ఉంచమ్మాయ్. నీ చదువూ గట్టెక్కుద్ది, మా ముఠా పరువూ నిలబడుద్ది."

గైడు సరేనన్నాడు, ఇప్పుడు ఆ మాట ఎవరిదో ఆమే సరేనంది. ఇక ఈ పిల్లకి అడ్డేముంది? సుందరి అరుగు చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

శ్రీదివ్య వెంకటరావమ్మ చేతుల వైపు చూసింది. "ఉంచలేను పిన్నీ," అంది. "నీ ఒక్కదాని మాటని నీ ముఠా అందరి మాటగా రాశా. ఇప్పుడు చూస్తే అది నీ మాట కూడా కాదు. నువ్వు అందరి కోసం ఆడిన అబద్ధానికి నాకు డాక్టరేటా?"

"మరి ఉద్యోగమో?"

"పోతే పోద్ది." ఆ మాట అన్నాక ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి.

వెంకటరావమ్మ కొంగుతో ఆమె మొహం తుడవబోయి, తన చేతికి కారముందని గుర్తొచ్చి ఆగిపోయింది. వీధిలోకి చూస్తూ మెల్లగా అడిగింది. "పేరు లేకుండా, ఊరు లేకుండా ఒక మాట రాస్తావా?"

"చెప్పు పిన్నీ."

"ఒకామె అలిసిపోయిందంట అని రాయి. ఎవరితోనూ చెప్పుకోలేదంట అని రాయి."

శ్రీదివ్య బ్యాగులో చెయ్యి పెట్టింది. కాగితం కోసం వెతకలేదు. బైండు పుస్తకం తీసి, మొదటి అట్ట తిప్పి, గైడు గారి సంతకం కింద ఉన్న ఖాళీలో రాయడం మొదలుపెట్టింది.

"అమ్మాయ్, సంతకం పడ్డ కాపీ అదొక్కటేనే, రాత పడితే ఇక తీసుకోరు," అంది సుందరి.

"తెలుసు మేడం," అంది శ్రీదివ్య, రాస్తూనే.